మీరడిగారు, నేను చెప్తా: మనీప్లాంట్ సీసా, మంచు గీతలు, ఫిన్లాండ్ ఆయన

పోయిన సంచికలో బరంపురం నుంచి వచ్చిన ఒక సీసా ఫొటో వేశాం కదా, ఇదెక్కడిదో ఎవరికైనా తెలుసా అని. దానికి వచ్చినన్ని ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ ఈ మధ్య దేనికీ రాలేదు. పర్లాకిమిడి, రాయగడ, జయపురం, ఛత్రపురం, అన్ని చోట్ల నుంచీ వచ్చాయి, సగం మందికి సీసా మీద ఆసక్తి, మిగతా సగం మందికి సీసాలో ఏముండేదన్న దాని మీద. అందుకే ఈ నెల వంటా వైద్యం ప్రశ్నలు పక్కన పెట్టి పేజీ అంతా గాజుకే ఇచ్చేశా, మోకాళ్ళ నొప్పుల గురించి రాసినవాళ్ళు ఏమనుకోకండి, వచ్చే నెల మీదే.

ప్రశ్న: అక్కా, ఆ ఫొటో పంపింది నేనే. మా మావగారు ఓడల్లో పనిచేసి వచ్చినప్పుడు తెచ్చిన సీసా అది, ముప్ఫై ఏళ్ళ పైనే అయింది. నేను దాన్ని కడిగి వంటింటి కిటికీలో పెట్టి మనీప్లాంట్ వేశాను. సీసా ఒళ్ళంతా మంచు కరిగి కారుతున్నట్టు గీతలు. మా అబ్బాయి ఫోన్లో వెతికి ఇది ఫిన్లాండియా అనే వోడ్కా సీసా అన్నాడు, డిజైన్ చేసినాయన తాపియో విర్కల అట. అప్పట్నుంచి మా అత్తగారు మందు సీసా వంటింట్లో ఏంటని గొడవ. అసలు ఎవరాయన? అంత పెద్దాయన మందు సీసాలు గీయడమేంటి?
- ఒక గృహిణి, బరంపురం

జవాబు: ముందు మీ అత్తగారి సంగతి చూద్దామమ్మా. ముప్ఫై ఏళ్ళుగా నీళ్ళూ మొక్కా తప్ప ఏమీ ఎరగని సీసా అది, ఇంక దానికి మైలేముంది. కాఫీ పొడి సీసాల్లో ఆవకాయ పెట్టుకున్నవాళ్ళమే కదా మనమంతా. ఆవిడ వినకపోతే మావగారే తెచ్చారని ఒకసారి గుర్తు చేయండి, గొడవ అటు తిరుగుతుంది.

ఇక ఆయన. మీ అబ్బాయి చెప్పింది కరెక్టే. ఫిన్లాండియా వోడ్కా 1970లో బజార్లోకి వచ్చింది, అప్పట్లో ఆ దేశంలో వోడ్కా లాంటి ఘాటు మందు అమ్మే హక్కు ఆల్కో అనే సర్కారు కంపెనీదే, ఈ ఏర్పాటు మనకేం కొత్త కాదులెండి. వాళ్ళు సీసా ఎవరిచేత చేయించుకున్నారంటే, అప్పటికే ప్రపంచమంతా పేరున్న శిల్పి చేత. అలా చేయించారు కాబట్టే మీరు దాన్ని పారేయలేదు, కడిగి కిటికీలో పెట్టారు.

విర్కల 1915 జూన్ 2న హాంకో అనే రేవు ఊళ్ళో పుట్టాడు, ఫిన్లాండ్‌కి దక్షిణపు కొసన ఉంటుంది. తండ్రి శ్మశానాలకీ సమాధి రాళ్ళకీ డిజైన్లు గీసేవాడు. ఈయన హెల్సింకిలో చదివింది గాజు కాదు, శిల్పం. తర్వాత యుద్ధం. యుద్ధం అయ్యాక 1946లో ఈట్టాల గాజు ఫ్యాక్టరీ ఒక డిజైన్ పోటీ పెడితే అందులో బహుమతి కొట్టి గాజులోకి దిగాడు, ఇంక వదల్లేదు. ఈట్టాల అనేది ఊరి పేరు, ఫ్యాక్టరీ 1881 నుంచి ఉంది, ఊరి పేరే బ్రాండు పేరయింది, మన పొందూరు ఖద్దరులాగా.

ఆ రోజులెలాంటివో కూడా చెప్పాలి. యుద్ధంలో ఓడిపోయిన దేశం, సోవియట్‌కి నష్టపరిహారం కడుతోంది, ఆ బాకీ 1952 దాకా తీరలేదు, అదే ఏడు హెల్సింకిలో ఒలింపిక్స్. చేతిలో డబ్బుల్లేవు, అడవులున్నాయి, కొలిములున్నాయి, చేయి తిరిగిన పనివాళ్ళున్నారు. అలాంటప్పుడు 1951లో ఇటలీలోని మిలాన్ త్రియెనాలే అనే పెద్ద ప్రదర్శనలో విర్కల ఒక్కడే మూడు గ్రాండ్ ప్రీలు, అంటే అక్కడిచ్చే పెద్ద బహుమతులు, పట్టుకొచ్చాడు. గాజుకొకటి, చెక్క శిల్పాలకొకటి, తన దేశం స్టాలు అమర్చినందుకొకటి. మనవాళ్ళకి 1983 కప్పు ఎలాగో వాళ్ళకది అలాగ అనుకోండి.

గాజులో ఆయనకి మొదట పేరు తెచ్చింది కంతరెల్లి అనే పూలకుండీ. కంతరెల్లి అంటే అక్కడి అడవిలో దొరికే ఒక పుట్టగొడుగు, గరాటాలాగా పైకి విచ్చుకుని అంచు ఒంపులు తిరిగి ఉంటుంది. మన దగ్గర తొలకరి పడ్డాక సంతలో ఆకు పొట్లాల్లో ఛతు, అదే పుట్టగొడుగులు, అమ్మేవాళ్ళ దగ్గర ఒకటి తీసుకుని తిరగేసి చూడండి, గొడుగు కింద సన్నటి రేకులుంటాయి చూశారూ, ఆ రేకుల్ని ఈయన గాజు మీద గీతలుగా దింపాడు, కింద నుంచి అంచు దాకా పక్కపక్కనే సన్నగా, చల్లారిన గాజుని చక్రం మీద కోసి. రంగు లేదు, పువ్వుల బొమ్మల్లేవు, ఉత్త తెల్ల గాజూ గీతలూ అంతే.

మీ సీసా మీద మంచు కథ వేరే, అది కింద మాస్టారి ప్రశ్నలో వస్తుంది, చదవండి.

ప్రశ్న: నమస్కారమండీ. నేను డ్రాయింగ్ మాస్టారిగా రిటైరయ్యాను. ఒక అనుమానం. ఈ డిజైనర్లు కాయితం మీద గీసి ఇస్తారా, లేక కొలిమి దగ్గర నిలబడి వాళ్ళే ఊదుతారా? ఆ మంచు లాంటి గరుకు గాజు మీదికి ఎలా వస్తుంది? చెక్కుతారా?
- పర్లాకిమిడి

జవాబు: ఈ పేజీ అంతా మీ ప్రశ్న కోసమే అనుకోండి మాస్టారూ.

ఊదేది ఆయన కాదు. గాజు ఊదడం ఒక్కడి పని కాదు, ఒక జట్టు పని. ఒకడు పొడుగాటి ఇనప గొట్టం కొసని కొలిమిలో ముంచి తిప్పుతాడు, జీళ్ళ పాకం పుల్లకి చుట్టుకున్నట్టు గాజు ముద్ద చుట్టుకుంటుంది, సుమారు 1100 డిగ్రీల వేడిలో అది తేనెలాగా ఉంటుంది, గొట్టం తిప్పడం ఆపితే ఒక పక్కకి జారిపోతుంది. ఇంకొకడు ఊది బుడగ చేస్తాడు, దాన్ని రెండు ముక్కల అచ్చులో దించి మూసి మళ్ళీ ఊదితే గాజు అచ్చు గోడలకి తగులుతుంది. తీశాక ఇంకొకడు దాన్ని పట్టుకెళ్ళి సన్నటి వేడి ఉన్న పొయ్యిలో పెడతాడు, 500 డిగ్రీల దగ్గర మొదలెట్టి గంటల తరబడి మెల్లగా చల్లార్చాలి, లేకపోతే పైన చల్లబడి లోపల వేడి మిగిలి ఆ లాగుడుకి దానంతటదే పగులుతుంది. పొయ్యి మీంచి దించిన గాజు గ్లాసులో చన్నీళ్ళు పోసి తిట్లు తిన్నవాళ్ళకి ఇది విడిగా చెప్పక్కర్లేదు.

అయితే విర్కల కాయితం గీసిచ్చి ఇంటికెళ్ళే రకం కూడా కాదు. ఆయన పని ఎక్కువగా అచ్చులో ఉంటుంది. 1968లో ఈట్టాలకి ఉల్తిమా తూలే అని గ్లాసుల సెట్టు చేశాడు, ఆ పేరుకి అర్థం భూమికి ఉత్తరాన చిట్టచివరి చోటు అని, పాత లాటిన్ మాట. ఆ గ్లాసుకి బయటంతా కరుగుతున్న ఐసు. దాని అచ్చు గ్రాఫైటుతో చేశారు, అంటే మన పెన్సిల్లో ఉండే నల్లటి పదార్థమే, దిమ్మగా. మెత్తగా ఉంటుంది కాబట్టి సన్నపని బాగా పడుతుంది, గాజు దానికి అంటుకోదు, చెక్కలా తొందరగా కాలిపోదు. విర్కల ఆ గ్రాఫైటుని తన చేత్తోనే చెక్కాడు, శిల్పం చదివిన చెయ్యి కదా.

ఇక్కడొక తిరకాసు ఉంది. చెక్కాల్సింది ఉల్టాగా. మట్టి వినాయకుడి చెక్క అచ్చు మీరు చూసే ఉంటారు, అందులో తొండం గుంటగా ఉంటుంది, బొజ్జ ఇంకా పెద్ద గుంట. పిల్లలు చూస్తే అసలు వినాయకుడే కనపడడు, మట్టి అదిమి తీస్తే అప్పుడు వస్తాడు. అలాగే ఈయన నల్లటి గుంటలు చెక్కుతూ రేపు అవి గాజులో వెలుగు పట్టే ఐసు బొడిపెలవుతాయని ముందే చూడగలగాలి. గాజు వేడిగా ఉన్నా ప్రతి గుంటలోకీ సులువుగా దూరదు, కొంచెం చల్లబడితే అసలు దూరదు. అందుకే ఆ గ్లాసు ఊదే పద్ధతి కుదరడానికి వేల గంటలు పట్టిందని ఈట్టాలవాళ్ళు చెప్తారు, నేనైతే నమ్ముతా.

ఇంకొక కష్టం. మామూలు గుండ్రటి గ్లాసు ఊదేటప్పుడు గొట్టాన్ని అచ్చులో తిప్పుతూ ఊదుతారు, అప్పుడు అచ్చు రెండు ముక్కల అతుకు గీత గ్లాసు మీద పడదు, నున్నగా వస్తుంది. లోపల బొడిపెలూ గుంటలూ ఉన్న అచ్చులో తిప్పగలరా? తిప్పలేరు. కదలకుండా పట్టుకుని ఊదాలి, అతుకు గీత పడుతుంది, ఆ గీతని ఐసు గీతల్లో కలిసిపోయేట్టు చూసుకోవాలి. మన గోలీ సోడా సీసాకి పక్కన నిలువుగా ఒక గీత ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది, అదే ఆ గీత. ఈ సీసా ఫొటో పంపిన అమ్మాయి కూడా ఒకసారి తడిమి చూడాలి, సీసా మిషను మీద చేసింది కాబట్టి ఎక్కడో ఒక చోట దొరక్కపోదు.

ఆ ఐసు ఎక్కడిదంటారా. విర్కలకి ఫిన్లాండ్ ఉత్తరపు కొసనున్న లాప్‌లాండ్‌లో, ఇనారి అనే పెద్ద చెరువున్న పక్క, దుంగల ఇల్లు ఉండేది, వేసవులు అక్కడే గడిపేవాడు. అక్కడ చలికాలమంతా చెరువులు గడ్డకట్టి ఉంటాయి, వేసవి మొదట్లో గాని కరగవు. మనం అది చూడలేం, గంజాం జిల్లాలో ఫ్రీజరు తప్ప ఏ చెరువు గడ్డకడుతుంది. కానీ ఒకటి చేయొచ్చు. పొద్దున్నే గోపాలపూర్ చేపల రేవుకి వెళ్ళండి మాస్టారూ, గోనెపట్టా కింద ఐసు దిమ్మలుంటాయి, మీద రంపపు పొట్టు. పొట్టు తుడిచి చూడండి. నీళ్ళు కారిన చోట నిలువుగా కాలవలు, కాలవకీ కాలవకీ మధ్య కత్తి అంచు లాంటి గట్టు, పై మూలలు గుండ్రంగా అరిగిపోయి, అడుగున చుక్కలు చుక్కలుగా వేలాడుతూ. ఆ అడుగు చుక్కలే ఉల్తిమా తూలే గ్లాసుకి కాళ్ళు, చిన్న చిన్న బొట్ల మీద నిలబడుతుంది గ్లాసు. చేపలామె ఎండెక్కకముందే కొనమంటుంది, మీరు ఐసు చూడ్డానికొచ్చానని చెప్పకండి.

1969లో ఫిన్నేర్ విమానాలు హెల్సింకి నుంచి న్యూయార్క్‌కి మొదలెట్టినప్పుడు అందులో ఈ గ్లాసులే పెట్టారు. ఆ తర్వాత ఏడాదే వోడ్కా సీసా. ఒకే ఐసు, ఒకటి నోటితో ఊదింది, రెండోది మిషను ఊదింది. నన్నడిగితే మిషనుది తక్కువేం కాదు, గ్లాసులు కొనగలిగినవాళ్ళు కొందరే, సీసా ఎక్కడో ఓడ మీదెక్కి బరంపురం వంటింటి దాకా వచ్చింది.

ప్రశ్న: మా జిల్లాలో డోక్రా చేస్తారు కదా మేడమ్, మైనం దారాలు చుట్టి మట్టి పూసి కాల్చి లోహం పోస్తారు, చివరికి అచ్చు పగలగొట్టాలి, అందుకే ఏ రెండు బొమ్మలూ ఒకలా ఉండవు అని మా సార్ చెప్పారు. గాజుకి ఒకే అచ్చు కాబట్టి అన్నీ ఒకేలా ఉంటాయి కదా, మరి అందులో ఆర్ట్ ఏముంది?
- డిగ్రీ విద్యార్థి, రాయగడ

జవాబు: మంచి దెబ్బే కొట్టావు తమ్ముడూ. కానీ నీ ప్రశ్నకి జవాబు ఫిన్లాండ్‌లోనే ఇంకొకాయన దగ్గరుంది. తీమో సర్పనేవ, 1926లో పుట్టి 2006లో పోయాడు, విర్కలతో పాటే ఈట్టాలలో చేసేవాడు. అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా గాజు ఊదడానికి చెక్క అచ్చులే వాడేవాళ్ళు, నీళ్ళలో నానబెట్టి వాడతారు, వేడి గాజు తగలగానే నీళ్ళు ఆవిరై గాజుకీ చెక్కకీ మధ్య పల్చటి పొర కడుతుంది, దానివల్ల చెక్క వెంటనే కాలదు, గాజు నున్నగా వస్తుంది. కాలిపోయిన అచ్చంటే పనికిరాని అచ్చు, పక్కన పారేయడమే.

సర్పనేవ 1964లో ఏం చేశాడంటే, కాలడాన్నే పనిలో పెట్టాడు. చెక్క లోపల గరుకుగా చెక్కి, కాల్చి, అందులో ఊదించాడు. బొగ్గయిన చెక్క పగుళ్ళూ నారా అన్నీ గాజు మీద పడ్డాయి, చెట్టు బెరడు మీద మంచు పేరుకున్నట్టు. ఒక్కో కుండీ ఊదినప్పుడల్లా అచ్చు ఇంకొంచెం కాలుతుంది, తర్వాతి కుండీ ఇంకోలా వస్తుంది. అంటే అచ్చు ఒకటే, కానీ రోజురోజుకీ ముసలిదైపోయే అచ్చు. మీ డోక్రాలో అచ్చు ఒక్క బొమ్మకే చస్తుంది, ఇక్కడ కొంచెం కొంచెంగా చస్తుంది, తేడా అంతే.

వాటి పేరు కూడా ఫిన్లాండియానే, దీంతో వోడ్కా సీసా సర్పనేవదనీ కుండీలు విర్కలవనీ నెట్‌లో తెగ కలగాపులగం చేస్తుంటారు. కుండీలు సర్పనేవవి, సీసా విర్కలది, పరీక్షలో అడగరు గానీ గుర్తు పెట్టుకో.

అన్నీ ఒకలా ఉంటే ఆర్ట్ కాదన్న మాట మాత్రం నేనొప్పుకోను. నూరు గ్లాసులు అచ్చుగుద్దినట్టు తీయడానికి ఊదేవాడికి ఎంత చెయ్యి తిరగాలో ఒకసారి ఆలోచించు. మీ ఇంట్లో అమ్మ వేసే దోసెలన్నీ ఒకే సైజులో వస్తే ఆవిడకి పని రాదంటావా?

ప్రశ్న: మాది బరంపురం దేవాంగుల వీధి. మా నాన్న పట్టు నేస్తారు. షాపులో చీర మీద కొట్టు పేరుంటుంది, ఇప్పుడు కొత్తగా డిజైనర్ పేరు కూడా వేస్తున్నారు, నేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. ఆ గాజు దేశంలో కూడా ఇంతేనా?
- పేరు వద్దన్నారు

జవాబు: ఇంతే బాబూ. విర్కల గాజు అడుగున ఆయన సంతకం చెక్కి ఉంటుంది, ఆ బుడగ ఊదిన మనిషి పేరుండదు, అచ్చు పట్టుకున్న కుర్రాడి పేరు అసలే ఉండదు.

కాకపోతే ఈ గొడవ వాళ్ళలో ఒకడికి తగిలింది. కాయ్ ఫ్రాంక్ అని, 1911లో వీబోర్గ్‌లో పుట్టాడు, ఆ ఊరు ఇప్పుడు రష్యాలో ఉంది. 1793లో మొదలైన నూటాయార్వి గాజు ఫ్యాక్టరీలో 1951 నుంచి డిజైన్ అంతా ఆయనే చూసేవాడు. ఆయన చేసినవి వట్టి రోజువారీ సామాను, నీళ్ళ గ్లాసులూ కంచాలూ గిన్నెలూ. పెళ్ళికిచ్చే నలభై యాభై ముక్కల డిన్నర్ సెట్టు బీరువాలో పెట్టి తాళం వేయడం ఏంటని 1953లో కిల్తా అని సాదా గిన్నెలూ కంచాలూ తెచ్చాడు, ఒక్కొక్కటే కొనుక్కోవచ్చు, విరిగితే ఒక్కటే తెచ్చుకోవచ్చు. మన ఇళ్ళల్లో ఎవరూ ముట్టుకోని పెళ్ళి సెట్లు ఎన్నున్నాయో లెక్కేస్తే ఆయన చెప్పింది అర్థమవుతుంది. అలాంటివాడు 1960లలో రోజూ వాడే సామాను మీద డిజైనర్ పేరెందుకు, తీసేయండి అని వాదించాడు. గ్లాసు గ్లాసులా ఉంటే చాలు, అది పది మంది చేతుల్లోంచి వచ్చింది, ఒక్కడి పేరు చూసి కొనడమేంటని ఆయన బాధ.

ఆయన మీద నాకు గౌరవమే. కానీ మీ వైపు నుంచి చూస్తే ఇందులో ఒక చిక్కుంది. డిజైనర్ పేరు తీసేస్తే నేసినవాడి పేరు వస్తుందా? రాదు. ఇద్దరిదీ పోయి కొట్టు పేరొక్కటే మిగులుతుంది. బరంపురం పట్టు అంచు మీద కుంభం ఉంటుంది కదా, గుడి గోపురంలా వరసగా, అది మొదట ఎవరు పోశారో ఎవరికైనా తెలుసా? ఎవరికీ తెలీదు, తరాలు దాటిపోయింది. ఫ్రాంక్ కోరుకున్న పేరులేని డిజైన్ అంటే సరిగ్గా అదే, దాంతో మీ నాన్నకి ఒరిగిందేంటో మీరే చెప్పాలి. నా మటుకు రెండు పేర్లూ వేయాలంటాను. అంచు లోపల పట్టు దారంతో రెండక్షరాలు నేస్తే చీరకేం బరువు కాదు.

ప్రశ్న: విర్కల గాజొక్కటే చేశాడా? ఇంకేమైనా ఉందా?
- జయపురం

జవాబు: ఏం చేయలేదో అడిగితే సులువు. విమానాలకి వాడే పల్చటి ప్లైవుడ్ పొరలు ఒకదాని మీదొకటి అతికించి, ఆ దిమ్మని చెక్కి ఆకు ఆకారంలో పళ్ళెం చేశాడు, చెక్కే కొద్దీ పొరల అంచులు ఆకు ఈనెల్లాగా బయటపడతాయి. 1951లో హౌస్ బ్యూటిఫుల్ అనే అమెరికా పత్రిక దాన్ని ఆ ఏటి అత్యంత అందమైన వస్తువు అంది. 1955లో వచ్చిన ఫిన్లాండ్ కరెన్సీ నోట్లు ఈయన గీసినవే, అంటే అప్పట్లో ఆ దేశంలో ప్రతివాడి జేబులోనూ ఈయన బొమ్మలే. 1955, 56లో న్యూయార్క్ వెళ్ళి రేమండ్ లోవీ అనే పేరున్న డిజైనర్ ఆఫీసులో పనిచేశాడు. వాళ్ళ ఊళ్ళల్లో నడుముకి పెట్టుకునే పూక్కో అనే చాకు ఉంటుంది, దానికి కొత్త రూపం ఇచ్చాడు. వెనీస్ పక్కన మురానోలో వెనీని కొలిమికి రెండు రంగుల గాజుని వేడి మీదే అతికించిన సీసాలు చేసిచ్చాడు, అక్కడ రంగు, ఇక్కడ ఈట్టాలలో తెలుపు, ఊరిని బట్టి పాట అన్నట్టు.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైంది ఒకటుంది, జర్మనీలో రోజెంతాల్ కంపెనీకి 1977లో చేసిన కుండీ. తెల్ల పింగాణీ. చూడ్డానికి అచ్చం కాగితం సంచీ, పై అంచు కత్తిరించినట్టు పళ్ళు పళ్ళుగా, పక్కల మడతలు నలిగి, అప్పుడే ఎవరో అందులోంచి పల్లీలు తిని ఉండలా చుట్టి పారేయబోయి ఆగినట్టు. స్టేషన్లో మరమరాల పొట్లం చేతిలో పట్టుకున్నప్పుడల్లా నాకదే గుర్తొస్తుంది.

ప్రశ్న: పెళ్ళయిందా ఆయనకి? పేజీ అంతా ఆయన గురించే రాస్తున్నారు, ఇంట్లోవాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.
- గుణుపురం నుంచి ఒక అత్తగారు

జవాబు: అయింది పిన్నిగారూ, 1945లో. ఆవిడ పేరు రూత్ బ్రూక్, ఆవిడా తక్కువది కాదు, అరాబియా అనే పింగాణీ ఫ్యాక్టరీలో ఆర్టిస్టు. ఆవిడ తండ్రి సీతాకోకచిలుకల మీద పరిశోధన చేసిన పండితుడు, ఆవిడ పలకల మీదా సీతాకోకచిలుకలు వస్తుంటాయి. తర్వాత తర్వాత చిన్న చిన్న పింగాణీ బిళ్ళలు వేలకొద్దీ పేర్చి గోడంత పెద్ద పనులు చేసింది. ఆయన 1985లో పోయాడు, ఆవిడ 1999లో. ఇద్దరి పనులూ హెల్సింకి పక్కన ఎస్పోలో ఎమ్మా అనే మ్యూజియంలో ఒకే కప్పు కింద ఉన్నాయి. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే రకం పని చేస్తే ఇంట్లో గొడవలుండవా అని మీరు అడగబోతున్నారని తెలుసు, నన్నడక్కండి.

ప్రశ్న: మన సముద్రం ఒడ్డున ఇంత ఇసుకుంది, మనమెందుకు గాజు ఫ్యాక్టరీ పెట్టకూడదు?
- ఛత్రపురం

జవాబు: గాజుకి కావాల్సింది ఇసుకే, దాంతో పాటు సోడా, సున్నం. కానీ ఏ ఇసుక పడితే అది పనికిరాదు. ఇసుకలో ఇనుము కొంచెం ఉన్నా గాజు ఆకుపచ్చగా తిరుగుతుంది, అందుకే పాత సీసాలు చాలా ఆ రంగులో ఉంటాయి. మీ ఛత్రపురం ఒడ్డున ఇసుకలో నల్లటి చారలుంటాయి కదా, అది ఇల్మెనైట్, అందులో ఉండేదే ఇనుమూ టైటానియమూ. దాన్ని వేరుచేసి అమ్ముకోవడానికే అక్కడ ఫ్యాక్టరీ ఉంది. తెల్లటి ఐసు లాంటి గాజుకి ఆ ఇసుక అలాగే పోస్తే పని జరగదు. ఇంకొక సంగతి, ఫిన్లాండ్‌లో పాత గాజు కొలిములు వెలిసింది ఇసుక కోసం కంటే కట్టెల కోసం, పక్కనే అడవి ఉండాలి, రాత్రీ పగలూ కొలిమి ఆరకూడదు. నూటాయార్వి కొలిమి అలా 1793లో మొదలై 2014లో మూతపడింది.

ప్రశ్న: అక్కా, మొదటి ప్రశ్న పంపినదాన్నే, ఇంకొకటి మర్చిపోయాను. మా బోరు నీళ్ళ వల్ల సీసా లోపల తెల్లగా పొర కట్టేసింది, బయట ఐసు గీతలు కూడా మసకగా కనిపిస్తున్నాయి. బ్రష్షు మూతిలో పట్టదు. ఎలా పోగొట్టాలి?
- బరంపురం

జవాబు: అది నీళ్ళలోని సున్నం పేరుకోవడం. మొక్క తీసి వేరే గ్లాసులో పెట్టండి. సీసాలో గుప్పెడు బియ్యం, రెండు నిమ్మకాయల రసం, మునిగేటంత నీళ్ళు పోసి మూతి అరచేత్తో మూసి గుండ్రంగా తిప్పండి, పులుపుకి సున్నం వదులుతుంది, బియ్యం గీకుతుంది. మొండి పొరయితే నిమ్మరసం బదులు వెనిగర్ పోసి రాత్రంతా ఉంచండి. వేడి నీళ్ళు మాత్రం వద్దు, పాత సీసా, ఎక్కడ సన్న పగులుందో తెలీదు. బయట గీతల్లో వంటింటి జిడ్డు పట్టి ఉంటుంది, దానికి సబ్బు నీళ్ళూ పాత టూత్ బ్రష్షూ చాలు, గీత వెంట నిలువుగా తోమండి, అడ్డంగా కాదు. కడిగాక మళ్ళీ బోరు నీళ్ళే పోస్తే మూడు నెలల్లో మళ్ళీ అంతే, వాన నీళ్ళు పట్టి పెట్టుకోండి. తూర్పు కిటికీ అయితే పొద్దున ఏడింటికి ఒక ఫొటో తీసి పంపండి, ఈసారి రంగుల పేజీలో వేస్తాం.